స్పుత్నిక్ నాటికి అమెరికా నిజంగా వెనకబడి ఉందా?

మాస్టారూ, మీరు మూడు విషయాలు అడిగారు. 1957లో రష్యా ప్రపంచంలో అందరికంటే ముందుగా స్పుత్నిక్ అనే ఉపగ్రహాన్ని పంపిందంటే అమెరికా టెక్నాలజీలో అంత వెనకబడి ఉందా? అమెరికా వాన్‌గార్డ్ రాకెట్ లేచిన రెండు సెకన్లకే ఎందుకు కూలింది? మీ నాన్నగారు చిన్నప్పుడు ఆరుబయట మంచం మీద పడుకుని స్పుత్నిక్ చూశానంటారు, అది సాధ్యమేనా? తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాలన్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళు టెలిమెట్రీ పని చేశాను. ఎగురుతున్న రాకెట్ లోపల ఒత్తిడి ఎంత, వేడి ఎంత, ఎంత వణుకుతోంది అన్నవి రేడియోలో నేలకు పంపే విభాగం అది. ఎవరు గెలిచారన్న లెక్క కంటే, ఏ రాకెట్‌ని ఎంత పరీక్షించాక ఎక్కించారన్నదే ముందు నా కంటికి కనిపిస్తుంది. మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది.

1956 సెప్టెంబర్ 20 దగ్గర మొదలుపెడదాం. స్పుత్నిక్‌కి ఏడాది ముందు. ఆ రోజు ఫ్లోరిడాలోని కేప్ కెనావెరల్ నుంచి అమెరికా సైన్యం జూపిటర్-సి అనే రాకెట్‌ను ప్రయోగించింది. అది 1,097 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి, దాదాపు 5,300 కిలోమీటర్ల దూరంలో అట్లాంటిక్ సముద్రంలో పడింది. దాని నాలుగో దశలో (ఒకదాని మీద ఒకటి పేర్చిన రాకెట్లలో అన్నిటికంటే పైదానిలో) ఇంధనం ఉండాల్సిన చోట ఇసుక నింపారు. ఆ ఇసుక బదులు ఇంధనం ఉండి, అది సరిగ్గా మండి ఉంటే మొదటి ఉపగ్రహం అమెరికాదే అయ్యేది. ఇసుక నింపమన్నది పైనుంచి వచ్చిన ఆదేశం. ఆ రాకెట్‌ని తయారు చేసిన వెర్నర్ ఫాన్ బ్రౌన్ బృందం పొరపాటునో, కావాలనో దాన్ని కక్ష్యలోకి పంపేస్తుందేమోనని వాషింగ్టన్‌లో అనుమానం కూడా ఉండేది.

ఎందుకంత పట్టింపు? 1955లో ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ ప్రభుత్వం, అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం (1957 జూలై నుంచి 1958 డిసెంబర్ దాకా) సందర్భంగా ఒక ఉపగ్రహం పంపుతామని ప్రకటించింది. ప్రధానంగా రెండు ప్రతిపాదనలు పోటీపడ్డాయి. ఒకటి సైన్యానిది: రెడ్‌స్టోన్ క్షిపణి మీద చిన్న రాకెట్లు పేర్చి పంపడం. రెండోది నౌకాదళ పరిశోధనశాలది: వైకింగ్ అనే పరిశోధన రాకెట్ నుంచి వాన్‌గార్డ్ అనే కొత్త రాకెట్ తయారు చేయడం. ఉపగ్రహం వేరే దేశాల మీదుగా తిరుగుతుంది కాబట్టి, అది క్షిపణి మీద కాకుండా సైన్స్ కోసం పుట్టిన రాకెట్ మీద వెళితే మంచిదన్న ఆలోచన గట్టిగా ఉండేది. కమిటీ వాన్‌గార్డ్‌ని ఎంచుకుంది. చేతిలో దాదాపు సిద్ధంగా ఉన్నదాన్ని పక్కనపెట్టి, ఇంకా కాగితం మీదే ఉన్నదాన్ని తీసుకున్నారు. ఆ నిర్ణయంలో రాజకీయంగా అర్థం ఉంది, కాదనను. కాలం కలిసిరాలేదు, అంతే.

ఇక రష్యా వైపు. అక్కడి రాకెట్ల ముఖ్య రూపకర్త సెర్గేయ్ కరల్యోవ్ చేతిలో ఉన్నది ఆర్-7 అనే రాకెట్. దాని పరిమాణానికి కారణం అంతరిక్షం కాదు, బాంబు. అప్పటి సోవియట్ హైడ్రోజన్ బాంబు చాలా బరువు. దాన్ని ఖండం దాటించాలంటే ఐదు టన్నులకు పైగా మోసే రాకెట్ కావాలి. అమెరికా తేలికైన బాంబులు చేయగలిగింది కాబట్టి అంత పెద్ద రాకెట్ అవసరం పడలేదు. స్పుత్నిక్‌తో లేచినప్పుడు ఆర్-7 బరువు 267 టన్నులు. వాన్‌గార్డ్ మొత్తం బరువు సుమారు 10 టన్నులు. ఒకటి కట్టెల లోడు లారీ అనుకుంటే రెండోది సైకిల్. బాంబు తేలిక చేయడంలో ముందున్న దేశమే ఉపగ్రహం బరువులో వెనకబడింది. పిల్లలకు ఈ ఒక్క సంగతి తప్పకుండా చెప్పండి, బాగా గుర్తుంటుంది.

అయితే ఆర్-7 పుట్టగానే ఎగరలేదు. 1957 మే 15న మొదటి ప్రయోగం: పక్కన కట్టిన నాలుగు రాకెట్లలో ఒకదాని లోపల మంట అంటుకుంది, 98 సెకన్ల దగ్గర అది ఊడిపోయింది, రాకెట్ పోయింది. జూన్‌లో మళ్ళీ మళ్ళీ ప్రయత్నించినా లేవనే లేదు. వెతికితే తేలింది ఏమిటంటే, నత్రజని లైనులో ఒక వాల్వ్‌ని తిరగేసి బిగించారు. జూలై 12న గాల్లోకి లేచింది గానీ, కంట్రోల్ వ్యవస్థలో షార్ట్ సర్క్యూట్ వచ్చి తన చుట్టూ తాను తిరిగి 33 సెకన్లకే ముక్కలైంది. ఆగస్టు 21న గానీ రష్యా తూర్పు కొసన ఉన్న కంచట్కా దాకా పూర్తిగా ఎగరలేదు.

ఆ వాల్వ్ సంగతి చదివినప్పుడల్లా నాకు నా మొదటి ఏడాది గుర్తొస్తుంది. వాల్వ్ ఒంటి మీద ప్రవాహం ఎటు వెళ్ళాలో బాణం గుర్తు చెక్కి ఉంటుంది. ఒక టెస్ట్ రోజున మాకు ఒత్తిడి ఎంతకీ పెరగలేదు. సెన్సర్ చెడిందనుకుని నేను మూడు గంటలు కేబుళ్ళు పట్టుకుని కూర్చున్నాను. చివరికి మా సీనియర్ టెక్నీషియన్ టార్చిలైటు పట్టుకుని స్టాండ్ కిందికి దూరి, వేలితో తడిమి, "బాణం ఇటుంది బాబూ" అన్నారు. బాణం ఉన్నది చీకటి వైపున, గోడ పక్కన. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి కొత్త కుర్రాడికీ నేను మొదట నేర్పింది బాణం మీద వేలు పెట్టి చూసి, అప్పుడే లిస్టులో టిక్కు పెట్టమని. కరల్యోవ్ మనుషులు ఎడారిలో జూన్ ఎండల్లో ఆ వాల్వ్ కోసం వెతికి ఉంటారంటే వాళ్ళ మీద జాలి, గౌరవం రెండూ కలుగుతాయి.

స్పుత్నిక్ కూడా మొదట అనుకున్న ఉపగ్రహం కాదు. అసలు పంపాలనుకున్నది టన్నుకు పైగా బరువుండే పెద్ద ప్రయోగశాల. అది ఆలస్యమవుతోంది, ఈలోపు అమెరికా పంపేస్తుందేమోనన్న టెన్షన్. దాంతో కరల్యోవ్ "సాధారణ ఉపగ్రహం" ఒకటి చాలన్నాడు. 58 సెంటీమీటర్ల అల్యూమినియం గోళం, రెండు అర్ధగోళాలను 36 బోల్టులతో కలిపారు. మొత్తం బరువు 83.6 కిలోలు, అందులో బ్యాటరీలే 51 కిలోలు. లోపల నత్రజని నింపి, వేడెక్కితే గాలి తిప్పడానికి ఒక ఫ్యాన్ పెట్టారు. రెండు రేడియో ట్రాన్స్‌మిటర్లు, ఒక్కో వాటు శక్తి. ఇంతే. 1957 అక్టోబర్ 4న వెళ్ళింది ఇదే. అది ఆర్-7కి ఐదో ప్రయోగం.

ఆ ఐదోది కూడా సాఫీగా ఏం వెళ్ళలేదు. లేచేటప్పుడు పక్క రాకెట్లలో ఒకటి పూర్తి బలానికి రావడంలో ఆలస్యం చేసింది. ఇంకాసేపు అలాగే ఉంటే ఆటోమేటిక్‌గా ప్రయోగం ఆగిపోయేది. పదహారో సెకన్‌లో ట్యాంకుల ఇంధన వాడకాన్ని సరిచూసే పరికరం పనిచేయడం మానేసింది. కిరోసిన్ ఎక్కువ ఖర్చయి, ఇంజన్ అనుకున్నదానికి ఒక సెకను ముందే ఆగింది. ఆ ఒక్క సెకను వల్ల కక్ష్యలో దూరపు కొస సుమారు 500 కిలోమీటర్లు తగ్గిపోయింది. కంచట్కా స్టేషన్‌లో సంకేతం వినపడినా వెంటనే పండగ చేసుకోలేదు. ఒక చుట్టు పూర్తిచేసి, మళ్ళీ నెత్తి మీదికి వచ్చి మోగాకే మాస్కోకి ఖాయంగా చెప్పారు. కక్ష్య అంటే అదే మరి. ఒకసారి వినిపిస్తే పైకి వెళ్ళిందని అర్థం, రెండోసారి వినిపిస్తేనే తిరుగుతోందని అర్థం.

ఇప్పుడు వాన్‌గార్డ్. అమెరికా ప్రయోగాలకు టీవీ అనే పేరు ఉండేది, టెస్ట్ వెహికల్ అన్నమాట. టీవీ-0, టీవీ-1 పాత వైకింగ్ రాకెట్లతో చేసిన పరీక్షలు. టీవీ-2, అక్టోబర్ 23న, కొత్త మొదటి దశతో ఎగిరింది, పై దశలు డమ్మీలు. టీవీ-3లో మొదటిసారి మూడు దశలూ నిజమైనవి పెట్టారు. రెండో దశ అంతకుముందు ఒక్కసారి కూడా ఎగరలేదు. మొదటి దశకు అది రెండో ప్రయాణం. పేరులోనే ఉంది, అది పరీక్ష. కుదిరితే ఒక చిన్న గోళం కక్ష్యలో పడుతుంది, లేకపోతే ఎక్కడ తేడా వచ్చిందో తెలుస్తుంది. కానీ స్పుత్నిక్ దెబ్బకు వైట్ హౌస్ నుంచి డిసెంబర్‌లో పరీక్షగా ఒక ఉపగ్రహం పంపుతామన్న ప్రకటన వచ్చేసింది. పత్రికలకు "పరీక్ష" అన్న మాట వినపడలేదు, "ఉపగ్రహం" ఒక్కటే వినపడింది. నవంబర్ 3న రష్యా 508 కిలోల స్పుత్నిక్-2లో లైకా అనే కుక్కను పంపడంతో ఒత్తిడి ఇంకా పెరిగింది. (లైకా వేడికి కొద్ది గంటల్లోనే చనిపోయిందన్న నిజం 2002లో గానీ బయటికి రాలేదు. పిల్లలు అడుగుతారు, దాచకుండా చెప్పండి.)

1957 డిసెంబర్ 6, ఉదయం 11 గంటల 44 నిమిషాలు. రాకెట్ లేచింది. మనిషి నడుమెత్తు దాటగానే, సుమారు 1.2 మీటర్ల దగ్గర, ఇంజన్ బలం పడిపోయింది. ఉన్నచోటే కిందికి దిగి, ట్యాంకులు పగిలి మంటల్లో కూలింది. ముక్కులో ఉన్న చిన్న గోళం ఊడి దూరంగా పడింది. దాని ట్రాన్స్‌మిటర్ అప్పటికీ పనిచేస్తూనే ఉంది, నేల మీద పడి సంకేతాలు పంపుతోంది. ఆ గోళాన్ని తర్వాత వాషింగ్టన్ మ్యూజియంలో పెట్టారు, సొట్టలతో సహా.

ఎందుకు కూలిందన్నదానికి ఇద్దరు రెండు మాటలు చెప్పారు. రాకెట్ కట్టిన మార్టిన్ కంపెనీ లెక్క ప్రకారం, ఇంధన ట్యాంకులో ఒత్తిడి తక్కువగా ఉంది. దాంతో ఇంజన్ గదిలోని వేడి వాయువు వెనక్కి తన్ని ఇంధనం వచ్చే దారిలోకి ఎక్కింది. ఇంజన్ చేసిన జనరల్ ఎలక్ట్రిక్ మాత్రం ఇంధన పైపు ఒకచోట వదులైందని అంది. చివరికి చేసిన మార్పు ఒకటే, ట్యాంకు ఒత్తిడి పెంచారు. ఇది పిల్లలకు ఇంట్లో వంటగది నుంచే చెప్పొచ్చు. పంపు స్టౌలో గాలి తగినంత కొట్టకపోతే కిరోసిన్ సరిగ్గా పైకి రాక మంట ఎలా ఎగిరెగిరి పడుతుందో వాళ్ళ అమ్మమ్మలకు తెలుసు. రాకెట్‌లోనూ అంతే: మండే గదిలో ఉన్న ఒత్తిడి కంటే ఇంధనం తోసుకొచ్చే ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువగా ఉండాలి. ఆ తేడా తగ్గిన క్షణం మంట వెనక్కి నడుస్తుంది.

అంటే వాన్‌గార్డ్ చేసిన వాళ్ళు చేతగానివాళ్ళు కాదు. ఆర్-7 కూడా తన మొదటి ప్రయోగంలో పోయింది, కజక్‌స్తాన్ ఎడారిలో, కెమెరాలు లేనిచోట. టీవీ-3 కూడా మొదటిసారే పోయింది, దేశం మొత్తం చూస్తుండగా. రెండు రాకెట్ల మొదటి పరీక్షలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు పెద్ద తేడా కనపడదు.

ఈలోగా సైన్యానికి అనుమతి వచ్చింది. నవంబర్ 8న ఆదేశం, 1958 జనవరి 31 రాత్రి ప్రయోగం, 84 రోజులు. అప్పట్లో ఇసుక నింపిన నాలుగో దశ లాంటిదానిలోనే ఈసారి నిజమైన ఇంధనం పెట్టారు, దాని కొసన ఎక్స్‌ప్లోరర్-1 పెట్టారు. పైన గాలులు బలంగా ఉండి రెండు రోజులు ఆగారు. ఆ రాకెట్‌లో నాకు బాగా నచ్చేది పైదశల ఏర్పాటు. మొదటి దశ మీద ఒక తొట్టి, అందులో చిన్న చిన్న ఘన ఇంధన రాకెట్లు: రెండో దశకు 11, మూడో దశకు 3, నాలుగో దశకు 1. వాటికి దారి చూపే పరికరాలు ఏమీ లేవు. బొంగరం నిలబడ్డట్టు నిలబడాలని ఆ తొట్టిని నేల మీద ఉండగానే మోటారుతో గిరగిర తిప్పారు. మొదటి దశ ఆగాక రాకెట్ ఎత్తులో అంచుకు చేరేదాకా ఆగి, సరిగ్గా అడ్డంగా ఉన్న క్షణంలో పైదశలు వెలిగించాలి. ఆ క్షణాన్ని ఎర్నెస్ట్ స్టూలింగర్ అనే శాస్త్రవేత్త నేల మీద కూర్చుని లెక్కగట్టి, రేడియో సంకేతంతో వెలిగించాడు. లేచాక సుమారు 400 సెకన్లకు. అక్కడ కొన్ని సెకన్లు తప్పితే ఉపగ్రహం అయితే సముద్రంలోకి, లేకపోతే వంకర కక్ష్యలోకి.

తర్వాత కాలిఫోర్నియాలో సంకేతం వినపడాల్సిన టైమ్ వచ్చింది, వినపడలేదు. ఒక నిమిషం, రెండు, ఐదు. పెంటగాన్‌లో ఫాన్ బ్రౌన్, జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ డైరెక్టర్ విలియం పికరింగ్, ఉపగ్రహం లోపలి సైన్స్ పరికరం తయారుచేసిన జేమ్స్ వాన్ అలెన్ ఎదురుచూస్తున్నారు. ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వినపడింది. కక్ష్య అనుకున్నదానికంటే ఎత్తుగా పడటంతో చుట్టు తిరిగి రావడానికి ఎక్కువసేపు పట్టింది, అంతే కారణం. ఆ ఎనిమిది నిమిషాలు ఎలా గడుస్తాయో టెలిమెట్రీ గదిలో కూర్చున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎవరూ మాట్లాడరు. కాగితం మీద పెన్ను గీత గీస్తూ పోతుంది, అందరూ దాన్నే చూస్తారు.

ఎక్స్‌ప్లోరర్-1 బరువు 14 కిలోలే. కానీ సైన్స్ పరంగా చూస్తే, నా ఉద్దేశంలో, స్పుత్నిక్ కంటే అది చాలా పెద్దది. రెండు కారణాలు.

మొదటిది ఎవరూ ఊహించనిది. సన్నగా పొడుగ్గా ఉన్న ఆ ఉపగ్రహం కవ్వంలా తన పొడుగు చుట్టూ తిరుగుతూ ఉండాలి. కొద్ది గంటల్లోనే అది కర్రసాములో కర్ర తిరిగినట్టు అడ్డంగా తిరగడం మొదలుపెట్టింది. కారణం, దానికి ఉన్న నాలుగు మెత్తటి తీగ యాంటెన్నాలు. అవి అటూ ఇటూ వంగుతూ కొంచెం కొంచెంగా శక్తిని వేడిగా పోగొట్టాయి. అంతరిక్షంలో పట్టి ఆపేది ఏదీ లేదు కాబట్టి కోణీయ ద్రవ్యవేగం (తిరిగే వస్తువుకి ఉండే ఊపు) అలాగే ఉండాలి, శక్తి మాత్రం తగ్గుతోంది. ఆ రెండూ కుదిరే తిరుగుడు ఒక్కటే, కర్రసాము తిరుగుడు. తిప్పి నిలబెట్టే ఉపగ్రహం సన్నగా కాకుండా పళ్ళెంలా వెడల్పుగా ఉంటే మేలని ఇంజనీర్లు ఆ దెబ్బతో నేర్చుకున్నారు.

రెండోది వాన్ అలెన్ గైగర్ కౌంటర్, అంటే రేడియేషన్ కణాలను లెక్కపెట్టే పరికరం. ఎత్తు తక్కువగా ఉన్నప్పుడు అనుకున్నట్టే లెక్కించింది. పైకి వెళ్ళేకొద్దీ లెక్క సున్నా అయిపోయింది. సున్నా అంటే రేడియేషన్ లేదని అనుకోవచ్చు. లేదా కౌంటర్ ఉక్కిరిబిక్కిరై లెక్కపెట్టడమే మానేసిందని అనుకోవచ్చు. నా ఉద్యోగంలో సున్నా వచ్చిన ప్రతిసారీ ఈ రెండు ప్రశ్నలూ వేసుకోమనే నేర్పారు. వాన్ అలెన్ బృందం రెండోదే సరైనదని తేల్చింది. మార్చి 26న వెళ్ళిన ఎక్స్‌ప్లోరర్-3లో చిన్న టేప్ రికార్డర్ ఉంది కాబట్టి ఒక చుట్టు మొత్తం లెక్క దొరికింది. భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాలను మే 1న ప్రకటించారు. అదే మే నెల 15న రష్యా పంపిన స్పుత్నిక్-3 (మొదట అనుకున్న ఆ పెద్ద ప్రయోగశాల ఇదే, 1,327 కిలోలు) కూడా ఇవన్నీ కొలవగలిగేదే. దాని టేప్ రికార్డర్ పాడైంది. టన్నుకు పైగా బరువున్న ప్రయోగశాలలో చెడిపోయింది ఒక్క టేపు.

వాన్‌గార్డ్ సంగతి కూడా పూర్తి చేస్తాను. 1958 మార్చి 17న వాన్‌గార్డ్-1 కక్ష్యలో పడింది, 1.47 కిలోలు. సౌర పలకలతో విద్యుత్తు చేసుకున్న మొదటి ఉపగ్రహం అదే. 1964 దాకా సంకేతాలు పంపింది. ఇప్పటికీ పైన తిరుగుతోంది, మనిషి పంపిన వాటిలో అన్నిటికంటే పాతది. స్పుత్నిక్-1 అయితే 1958 జనవరి 4నే కాలిపోయింది.

ఇక మీ నాన్నగారు. ఆయన చెప్పింది నమ్మొచ్చు, కాకపోతే ఆయన చూసింది ఆ గోళం అయి ఉండదు. 58 సెంటీమీటర్ల గోళం మామూలు కంటికి దాదాపు అందదు. దానితో పాటే కక్ష్యలోకి వెళ్ళిన ఆర్-7 మధ్య భాగం, పాతిక మీటర్లకు పైగా పొడవున్నది, మాత్రం నక్షత్రంలా కదులుతూ కనిపించేది. దాని కక్ష్య 65 డిగ్రీల వంపులో ఉంది కాబట్టి మన మీదుగా కూడా వెళ్ళేది. అది డిసెంబర్ 1న పడిపోయింది. స్పుత్నిక్-2 తన రాకెట్ నుంచి విడిపోలేదు, కాబట్టి అది కూడా పెద్దగానే కనిపించేది, 1958 ఏప్రిల్ 14 దాకా పైనే ఉంది.

ఆయన్ని రెండు అడగండి. పొద్దుగూకిన కాసేపటికి చూశారా, తెల్లవారుజామునా? నడిరాత్రి అంటే మాత్రం వేరే ఏదో అయి ఉంటుంది, ఎందుకంటే కింద మనకి చీకటిగా ఉండి పైన దాని మీద ఎండ పడితేనే అది కనపడుతుంది. రెండోది, ఏ రోజులు అవి? ఆ ఏడాది దీపావళి రోజులంటే స్పుత్నిక్-1 రాకెట్. సంక్రాంతి రోజులు, చలికి దుప్పటి కప్పుకుని పడుకున్నామంటే ఆయన నెత్తి మీదుగా వెళ్ళింది లైకా ఉన్న స్పుత్నిక్-2. ఆయన ఏం చెప్పారో ఇక్కడ రాయండి, తెలుసుకోవాలని నాకూ ఆత్రంగా ఉంది.